నాలుగో కొండ మీది చెట్లు

కొండల ఎత్తు తేల్చి మ్యాపు మీద అంకె వేయడం నా పని. ముప్పై ఏళ్లు చేశాను, చాలా భాగం వెల్లింగ్టన్‌లోనే. రిటైరయ్యాక నెలకోసారి జాన్సన్‌విల్‌లో ఒక గది తీసుకుని, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మనవాళ్లతో కూర్చుంటున్నాను. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, ఏ కంపెనీ వీసా ఇస్తుంది, సీనియర్ అవడానికి ఎన్నేళ్లు పడుతుంది అని అడుగుతారు. అవి నాకంటే ఇంటర్నెట్టే బాగా చెబుతుంది. నా దగ్గర చెప్పడానికి ఉన్నది జర్మనీలోని ఒక చిన్న కొండల వరస సంగతి. అందులో ఏ కొండా తొమ్మిది వందల మీటర్లు కూడా ఉండదు. నేను దానికి చేసిన తప్పు చిన్నదే. ఆ తర్వాత ఒక మనిషికి చేసింది చిన్నది కాదు.

ఇన్నాళ్లూ ఈ మాట క్లాసులో చెప్పలేదు. మొన్న ఆక్లాండ్ పక్కన పాపకూర అనే ఊరు వెళ్లి వచ్చాక రాయక తప్పలేదు.

నెవిల్

నా మొదటి బాస్ పేరు నెవిల్. అప్పటికే అరవై దాటినవాడు. నేను న్యూజిలాండ్ వచ్చిన మొదటి వేసవిలో ఇద్దరం వైరరాప వైపు కొండల్లో పని చేశాం. కొండ మీద నుంచి ఒకే కోణాన్ని మూడుసార్లు కొలిచి పుస్తకంలో రాయాలి. ఒక మధ్యాహ్నం రెండుసార్లు కొలిచేసరికి మబ్బు దిగింది. ఎదురు కొండ కనపడలేదు. మొదటి రెండు అంకెలూ ఇంచుమించు ఒకటే కాబట్టి మూడోది ఊహించి రాసేసి కిందికి దిగిపోయాను.

సాయంత్రం నెవిల్ పుస్తకం చూశాడు. అతను ఆ పూట కిందే ఉన్నాడు, మబ్బు ఎప్పుడు దిగిందో అతనికి తెలుసు.

"మూడోసారి మబ్బు విడిచిందా?" అన్నాడు.

నేను వంగి బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టాను.

"సరే, రేపు మళ్లీ ఎక్కుదాం" అన్నాడు.

ఎక్కమని కాదు, ఎక్కుదాం అని. మర్నాడు నాతోపాటు నాలుగు గంటలు ఎక్కాడు. దారి పొడవునా గొర్రెల గురించి, వాళ్ల ఆవిడ చేసే ఆపిల్ జామ్ గురించి మాట్లాడాడు తప్ప నా తప్పు ఊసెత్తలేదు. పైన నేను మూడోసారి కొలిచి రాశాక, పక్కన "చూసినవారు" అని ఉన్న గడిలో సంతకం పెట్టాడు. పెట్టే ముందు తనూ పరికరానికి కన్ను ఆనించి చూశాడు.

"ఈ గడి నీ కోసం కాదు, మూర్తీ. నా కోసం. ఇందులో సంతకం ఉంటే తప్పు నాది" అన్నాడు.

ఆ మాట నాకు బాగా నచ్చింది. చాలామందికి చెప్పాను. పాటించాల్సిన రోజు మాత్రం వదిలేశాను.

పన్నెండు కొండలు

నెవిల్ పోయాక చాలా ఏళ్లకు నేను ఒక ప్రైవేటు మ్యాపుల కంపెనీలో సీనియర్‌ని. వారెన్ అనే ఆయన మేనేజర్. వేరే దేశాల పని కూడా తెచ్చేవాడు. అలా ఒక జర్మన్ ప్రచురణకర్త నుంచి ఒక మ్యాపు పని వచ్చింది. ఆ కొండల్లో నడిచేవాళ్ల కోసం. ముందు వైపు దారులు, వెనక వైపు ఆ వరసలోని పన్నెండు ఎత్తైన కొండల జాబితా, కొత్త సర్వే ప్రకారం సరిచూసిన ఎత్తులతో.

మనకు అది వింతగా ఉంటుంది గానీ అక్కడ ఆ జాబితాకి చాలా విలువ. ప్రతి కొండ మీదా ఒక చిన్న చెక్కపెట్టె ఉంటుంది, అందులో రబ్బరు స్టాంపు. ఎక్కినవాళ్లు తమ పుస్తకంలో ముద్ర వేసుకుంటారు. పన్నెండు ముద్రలూ పూర్తయితే నడకల సంఘంవాళ్లు ఒక పిన్ను ఇస్తారు. అన్నిటికంటే ఎత్తైన కొండ కింద ఉన్న ఊరు తన పేరు పక్కన ఆ మాట బోర్డు మీద రాసుకుంది. వాటి పేర్లు నా నోటికి ఇప్పటికీ తిరగవు. నేను వాటిని ఒకటో కొండ, రెండో కొండ అనే అనుకున్నాను.

ఆ పని లావణ్యకి ఇచ్చాను. లావణ్యది కరీంనగర్ దగ్గర. ఆక్లాండ్‌లో చదువుకుని, మా కంపెనీలో చేరి రెండేళ్లయింది. ఉద్యోగం గురించి ఆమెకి చెప్పింది నేనే. వాళ్లమ్మ ఫోన్ చేసి "మా పిల్లని కొంచెం చూసుకోండన్నా" అంటే, "మా ఇంటి పిల్లే అనుకోండమ్మా" అన్నాను. పండగలకి మా ఇంటికి వచ్చేది. మా ఆవిడ పద్మ ఆమె ఫ్లాట్‌కి బొరుగులతో చేసే మా ఉగ్గాని డబ్బాలో పెట్టి పంపేది. ఆమె వర్క్ వీసా ఆ ఉద్యోగంతో ముడిపడి ఉంది. ఇక్కడే స్థిరపడే రెసిడెన్స్‌కి అప్లై చేయడానికి ఇంకో ఏడు నెలలు కావాలి. ఆ సంగతి ఆఫీసులో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఇప్పుడు తప్పు చెబుతాను. విమానంలోంచి లేజర్ కిరణాలు కిందికి పంపితే, మొదట దేనికి తగులుతాయో దాని ఎత్తు ఒక ఫైలుగా వస్తుంది. దాన్ని టాప్ అనేవాళ్లం. చెట్టుంటే చెట్టు కొస, ఇల్లుంటే కప్పు. సందుల్లోంచి నేల దాకా వెళ్లినవి ఇంకో ఫైలు. అది గ్రౌండ్. కొండ ఎత్తు గ్రౌండ్ నుంచే తీసుకోవాలి. జర్మనీ నుంచి టాప్ ఒకే ఫైలుగా వచ్చింది. గ్రౌండ్ వందల ముక్కలుగా వచ్చింది. అతికించడానికి రెండు వారాలు. క్రిస్మస్‌కి ఆఫీసు మూసేయడానికి పది రోజులే ఉంది.

న్యూజిలాండ్ కొండల్లో నాకు అలవాటైన పద్ధతి ఒకటుంది. ఇక్కడ పెద్ద కొండలకి ఒక ఎత్తు దాటాక చెట్లు ఉండవు, గడ్డీ రాయీ తప్ప. శిఖరం దగ్గర టాప్ అయినా గ్రౌండ్ అయినా ఒకటే అంకె. తొందర ఉన్నప్పుడు టాప్‌నే వాడేసేవాళ్లం, ఎన్నడూ తేడా రాలేదు. పైగా నేను పుట్టింది అనంతపురం జిల్లాలో. మా గుట్టలూ బోడివే.

లావణ్య నా బల్ల దగ్గరికి వచ్చి తెలుగులోనే అడిగింది.

"అంకుల్, టాప్ వాడితే ఎట్ల? అక్కడ కొండల మీద చెట్లుంటయ్ కదా?"

"కొండ నెత్తిన చెట్లేందమ్మా? పైకి పోయేకొద్దీ పలచబడతాయి."

"పెద్ద కొండలకు గదా అంకుల్. ఇవి చిన్నయి. మా దిక్కు గుట్టల మీద నెత్తిదాకా చెట్లే."

"మీ కరీంనగర్‌కీ జర్మనీకీ చుట్టరికం ఎప్పుడు కలిసిందమ్మా?" అని నవ్వాను.

తనూ నవ్వింది. పక్కనున్నవాళ్లకి అర్థం కాకపోయినా వాళ్లూ నవ్వారు. ఆమె వెళ్లలేదు. పాత మ్యాపు ప్రింటు చూపించింది. "ఇందులో ఇది నాలుగోది అంకుల్. మనకు మొదటిదై కూసుంది."

"పాతవాళ్ల కొలతలు తప్పనే కదా కొత్త సర్వే చేసింది. టాప్‌తో కానిచ్చెయ్యి. ఇరవై మూడున సెలవులకి నేను నేపియర్ పోవల్ల" అన్నాను.

ఆమె కానిచ్చేసింది. పని కాగితం మీద "చేసినవారు" గడిలో ఆమె సంతకం. "చూసినవారు" గడిలో నాది. నేను చూసింది ఫాంట్లూ రంగులూ. జాబితా చదవలేదు.

పన్నెండింట్లో మొదటి మూడూ నిజంగానే బోడి నెత్తులు. ఒకదాని మీద రాయి, ఒకదాని మీద పచ్చిక, మూడోది మంచులో జారే ఆట కోసం చెట్లు కొట్టేసిన చోటు. నాలుగో కొండ నెత్తిన నిండుగా స్ప్రూస్ చెట్లు, ఇరవై నాలుగు మీటర్ల ఎత్తువి. ఆ కొండ ఒకటో కొండకంటే పదిహేడు మీటర్లు తక్కువ. మా మ్యాపులో ఏడు మీటర్లు ఎక్కువైంది.

గుర్తులేదు

మ్యాపు అచ్చయి దుకాణాలకి చేరిన కొన్ని వారాలకి ప్రచురణకర్త ద్వారా మాకొక ఉత్తరం వచ్చింది. రాసింది బెకర్ అనే పెద్దమనిషి, ఆ నడకల సంఘం కార్యదర్శి. ఇంగ్లీషులో, చేతిరాతతో. నాకు జ్ఞాపకం ఉన్నంత వరకు ఇలా ఉంది: "నేను నలభై ఏళ్లుగా ఈ పన్నెండు కొండల స్టాంపు పెట్టెలకి నూనె రాస్తున్నాను. ఒకటో కొండ మీద నిలబడితే నాలుగో కొండ చెట్ల కొసలు నా కంటే కొంచెం పైకి కనిపిస్తాయి. నాలుగో కొండ మీద నిలబడితే నాకు ఏమీ కనిపించదు, చుట్టూ చెట్లే. మీ మనిషి ఆ చెట్టెక్కి కొలిచినట్టున్నాడు. దిగేటప్పుడు జాగ్రత్త అని చెప్పండి."

ప్రచురణకర్త మ్యాపులన్నీ వెనక్కి తెప్పించి తుక్కు చేయించాడు. మాతో ఒప్పందం రద్దు చేశాడు. వారెన్ మమ్మల్నిద్దర్నీ గదిలోకి పిలిచాడు. చెడ్డవాడు కాదు. పైనుంచి ఎవరో అతన్ని అడుగుతున్నారు, అతను మమ్మల్ని అడుగుతున్నాడు.

"టాప్ ఫైలు ఎవరు ఎంచారు?"

లావణ్య నా వైపు చూసింది. చెప్పెయ్యలేదు. పెద్దవాణ్ణి, నేనే చెబుతానని ఆగింది. ఆ ఆగడం నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. మన పెంపకంలోనే ఉంది ఆ మర్యాద. నేను దాన్ని వాడుకున్నాను.

"ఫైలు ఎంచడం చేసినవాళ్ల పని" అన్నాను.

"టాప్ వాడమని నువ్వు చెప్పావా, మూర్తీ?"

"నాకు గుర్తులేదు."

ఆమె అప్పుడు నోరు తెరిచింది. తనకి అనుమానం వచ్చిందనీ, అడిగాననీ చెప్పింది. వారెన్ పక్కబల్లల వాళ్లని అడిగాడు. వాళ్లు మేమిద్దరం మాట్లాడుకోవడం, నవ్వుకోవడం చూశారు. ఏం మాట్లాడుకున్నామో ఒక్కరికీ తెలియదు. ఆ ఆఫీసులో తెలుగు వచ్చినవాళ్లం మేమిద్దరమే.

బయట నడవాలో నీళ్ల యంత్రం దగ్గర నన్ను ఆపింది.

"అంకుల్, మీరే చెప్పిన్రు కదా. నేపియర్ పోవాలె అన్నరు కదా."

వారెన్‌తో అన్నది ఇంగ్లీషులో అన్నాను. ఒక్క క్షణం భయపడి నోరు జారిందని సర్దిచెప్పుకోవచ్చు. ఆమెతో తెలుగులో, మొహంలో మొహం పెట్టి, మళ్లీ అన్నాను.

"నాకు గుర్తులేదమ్మా."

"సరే అంకుల్" అని వెళ్లిపోయింది.

ఆమె కాంట్రాక్టు ఆ నెలాఖరుకి ముగించారు. దాంతో వీసా లెక్క తప్పింది. నాకు ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారు, చూసినవారి గడిలో సంతకం పెట్టి చూడనందుకు. అది ఫైల్లో పెట్టుకుని మరో పదకొండేళ్లు అక్కడే పని చేశాను. ఉగాదికి లావణ్య రాలేదేమని పద్మ అడిగితే, ఆక్లాండ్‌కి మారిందట, బిజీ అన్నాను. పద్మ ఆమెకి ఫోన్ చేసింది. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. ఆ ఏడు మా ఇంట్లో ఉగ్గాని చేయలేదు. ఇప్పటికీ నేను అడగను, ఆమె చేయదు.

ఎందుకు చేశానని క్లాసులో మీరు అడుగుతారు. జవాబు గొప్పగా ఏమీ ఉండదు. యాభై ఏళ్ల వయసులో ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలంటే భయం వేసింది. ఆమె చిన్నది, ఇంకోటి దొరుకుతుందిలే అనుకున్నాను. వీసా లెక్క నాకు బాగా తెలుసు, అయినా అలా అనుకున్నాను.

బెకర్

రిటైరయిన మరుసటి ఏడాది పద్మా నేనూ జర్మనీ వెళ్లాం, ఆమె చెల్లెలి కూతురు అక్కడ ఉంటుంది. రెండు రోజులు నేనొక్కణ్ణే రైలెక్కి ఆ కొండల దగ్గరికి వెళ్లాను. బెకర్‌కి ముందే ఉత్తరం రాశాను, ఆ మ్యాపు సరిచూసినవాణ్ణి నేనే అని. స్టేషన్‌కి వచ్చాడు. ఎనభై దాటాయి, కర్ర ఉంది. నన్ను పైనుంచి కిందికి చూసి, "చెట్టెక్కినవాడు ఇంకా సన్నగా ఉంటాడనుకున్నాను" అన్నాడు.

నాలుగో కొండకి సగం దాకా కారు వెళ్తుంది. మిగతాది మెల్లిగా నడిచాం. నా మనసులో ఆ కొండ నల్లటి స్ప్రూస్ అడవి. పైన చూస్తే ఒక్క చెట్టు లేదు. వానలు లేని వేసవులు వరసగా వచ్చి, బెరడు పురుగు పట్టి, మొత్తం ఎండిపోయాయట. నరికేశారు. బూడిద రంగు మొద్దులు, మధ్యలో ఎర్రటి పూలేవో, ఒక చెక్కపెట్టె. నాలుగు దిక్కులా అంతా కనిపిస్తోంది.

"ఇప్పుడు కొలవండి. మీ రెండు ఫైళ్లలోనూ ఒకే అంకె వస్తుంది" అన్నాడు బెకర్.

మొద్దు మీద కూర్చున్నాం. పెట్టె తెరిచి మూత బందులకి నూనె రాశాడు. తర్వాత అడిగాడు.

"ఆ అమ్మాయి ఎలా ఉంది?"

"ఏ అమ్మాయి?"

"క్షమాపణ రాసిన అమ్మాయి. మీ కంపెనీ నాకేం రాయలేదు. ఆమె రాసింది, సొంతంగా."

ఆ ఉత్తరం ఇంట్లో సంఘం కాగితాల్లో దాచి ఉంచాడు. సాయంత్రం చూపించాడు. ఒకే పేజీ. అందులో నా పేరు లేదు. "ఆ కొండ మీద చెట్లుంటాయని నాకు అనుమానం వచ్చింది. ఒకసారి అడిగాను. రెండోసారి గట్టిగా అడగలేదు. అది నా తప్పు" అని ఉంది.

బెకర్ అది తీసుకుని మళ్లీ మడత పెట్టాడు. "ఎవరిని అడిగిందో రాయలేదు. నాకు అప్పుడే అనిపించింది, అడిగించుకున్నవాడు ఒకడున్నాడని" అన్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు.

పాపకూర

లావణ్య ఇప్పుడు పాపకూరలో ఉంటోంది. నంబరు పద్మే ఇచ్చింది, ఏమీ అడక్కుండా. ఒక శనివారం ఉదయం వెళ్లాను. జేబులో నేను రాసిన ఉత్తరం ఉంది. మా పాత కంపెనీకి: టాప్ ఫైలు వాడమని ఆమెకి చెప్పింది నేను, ఆమె అభ్యంతరం చెప్పినా వినలేదు, ఆమె రికార్డు సరిచేయండి అని.

తలుపు తీసి, "రండి అంకుల్" అంది. ఏడెనిమిదేళ్ల కూతురు హాల్లోంచి తొంగి చూసి "హూ ఈజ్ హి, మమ్?" అంటే, "పాత ఆఫీస్ అంకుల్. గో అండ్ ప్లే" అంది. నేనంటే కోపం ఉందో లేదో ఆ మొహంలో ఏమీ తెలియలేదు. భర్త ఉద్యోగం మీద రెసిడెన్స్ వచ్చిందని చెప్పింది. తను పిల్లల్ని చూసుకునే సెంటర్‌లో పని చేస్తోందట. మ్యాపుల ఉద్యోగాలకి నాలుగుచోట్ల వెళ్లిందట. ప్రతిచోటా మా కంపెనీకి ఫోన్ చేసి అడిగారట. ఐదో చోటికి వెళ్లలేదు.

ఉత్తరం ఇచ్చాను. వంటింటి బల్ల దగ్గర కూర్చుని చదివింది. ఒక చోట ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ చదివింది.

"ఒకటి తక్కువుంది అంకుల్."

"ఏంటమ్మా?"

"వారెన్ అడిగితే గుర్తులేదన్నరు. నాతోని కూడా అన్నరు. అది రాయలేదు."

నిజమే, రాయలేదు. తప్పు చెప్పాను, అబద్ధం దాచాను. ఆమె పెన్ను ఇచ్చింది. అక్కడే కింద రాశాను: నాకు గుర్తుంది, ఆ రోజూ గుర్తుంది, లేదని రెండుసార్లు చెప్పాను. కింద జాగా తక్కువై అక్షరాలు వంకరగా వచ్చాయి.

"సోమవారం పంపిస్తాను" అన్నాను.

"ఎక్కడికి? ఆ కంపెనీ అమ్మేసిన్రు కదా. నేను రెండేళ్ల కింద అడిగిన, నా కాగితాలు ఇయ్యమని. ఆ మ్యాపు ఫైలే లేదన్నరు. వారెన్ ఎక్కడున్నడో తెల్వదు."

"ఇంకెక్కడైనా, కొత్తగా ఎవరికైనా నేను ఫోన్ చేసి చెబుతానమ్మా. ఉద్యోగానికి."

"వద్దంకుల్. నేనిప్పుడు మ్యాపులు చూస్తలేను. ఎక్కడికి పోయినా ఫోన్ చెప్పిన దారిలనే పోత." టీకి నీళ్లు పెడుతూ, "కొత్తోళ్లకి క్లాసులు చెప్తున్నరంట కదా. ఆంటీ చెప్పింది. వాళ్లకు చెప్పండి. ఇదంత. నా మాటకు నవ్విన్రు కదా ఆ రోజు, అది కూడా" అంది.

చెబుతానన్నాను. అదే ఇది.

టీ ఇచ్చింది. తాగాక లేచాను. ఉత్తరం నాకు తిరిగి ఇవ్వబోయి ఆగింది. మళ్లీ కూర్చుని మొదటి నుంచి చివరిదాకా ఇంకోసారి చదివింది, నేను కొత్తగా రాసిన వంకర వాక్యం మీద వేలు పెట్టి మరీ. నేను చెప్పులేసుకోకుండా గుమ్మం దగ్గర నిలబడే ఉన్నాను. చదవడం అయ్యాక కింద మూలన, పాత పని కాగితం మీద ఉన్నట్టే, ఒక చిన్న గడి గీసింది. అందులో సంతకం పెట్టింది.